ఒడ్డు పక్కన తెల్ల పట్టీ

మొదటి రోజు: ముత్తుకూరు, కృష్ణపట్నం

"మామా, అయిదు రోజులు నాతో రా, సముద్రం చూపిస్తా" అంది మా అక్క కూతురు. నెల్లూరులో పుట్టి పెరిగినవాడికి సముద్రం చూపిస్తాననడం విని నవ్వొచ్చింది. నా పని మ్యాపులు గియ్యడం. పొలాల హద్దులు, కాలవలు, రోడ్లు. నేల మీద గీసిన గీత కదలదు, ఒకసారి గీస్తే పదేళ్ళు కడుపు నింపుతుంది. ఈ పిల్లకు కావాల్సిన మ్యాపు వేరు. మన తీరంలో తిరిగే డాల్ఫిన్లకు తిండి చేప ఎక్కడ, ఏ నెలలో, ఎంత లోతులో దొరుకుతుందో చెప్పే మ్యాపు. పరిశోధనకు అదే అంశంగా తీసుకుంది. "ఈదే చేపకి మ్యాపేంది తల్లీ" అన్నాను. "అందుకే నిన్ను పిలుస్తుండా" అంది.

ఫిబ్రవరి రెండో వారం. పొద్దున్నే ముత్తుకూరు రోడ్డెక్కాం. కారు వెనక సీటు నిండా ఆమె సామాను: చేతి జీపీఎస్, నీటి వేడీ ఉప్పదనం కొలిచే పరికరం, శబ్దం పంపి చేపను పసిగట్టే చిన్న ఎకో సౌండర్, తాడుకు కట్టిన తెల్లటి పళ్ళెం. ఆ పళ్ళెం ఇడ్లీలకా అని అడిగాను. కాదట. దాన్ని నీళ్ళలోకి వదులుతూ పోయి, కనిపించకుండా పోయిన చోట తాడు ఎంత దిగిందో కొలిస్తే నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో తెలుస్తుంది. ఆంజెలో సెక్కి అనే ఇటలీ మతగురువు 1865లో పోపుగారి ఓడ మీద మొదలుపెట్టిన పద్ధతి. నూటఅరవై ఏళ్ళు దాటినా అదే పళ్ళెం, అదే తాడు. ఆ సామానులో నాకు నచ్చింది అదొక్కటే.

దారిలో పాఠం చెప్పింది. మన ఒడ్డుకు దగ్గరగా తిరిగేవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి హంప్‌బ్యాక్ డాల్ఫిన్, వీపు మీద గూని ఉంటుంది. దీంట్లో హిందూ మహాసముద్రపు రకాన్ని ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం ఐయూసీఎన్ అంతరించే ముప్పున్నవాటి జాబితాలో పెట్టింది. దాని దాయాది రకం తూర్పున ఉంది. ఇద్దరి మధ్య గట్టు మన బంగాళాఖాతంలో ఎక్కడుందో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు. రెండోది ఫిన్‌లెస్ పోర్పాయిస్, వీపు మీద రెక్క ఉండదు, మనిషంత పొడవు, మహా బిడియస్తురాలు. ఒడిశా చిలికాలో ఉండే ఇరవాడి డాల్ఫిన్ కథ ఇంకా తమాషా. పేరు బర్మా నదిది. శాస్త్రానికి మొదట చిక్కిన నమూనా మాత్రం 1852లో మన విశాఖపట్నం రేవులో దొరికింది. వీటన్నిటికీ 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. పులికి ఎంతో వీటికీ అంతే. "పులికి జింక ఎక్కడుందో అడవోళ్ళు లెక్క పెడతారు. డాల్ఫిన్‌కి కవళ్ళ చేపలు ఎక్కడున్నాయో ఎవరు లెక్కపెడుతుండారు మామా?" అంది.

కృష్ణపట్నంలో కండలేరు ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటు దగ్గర సగం రోజు కాగితాలు చూపించడంతోనే గడిచింది. ఓడలు పోయే దారి కాబట్టి మా పడవ లోపలికి పోలేదు. ఒడ్డున నిలబడి ఒక టీ తాగి, రెండు పరికరాలు తడిపి వెనక్కొచ్చాం.

రాత్రి ఇంట్లో ఆమె ల్యాప్‌టాప్‌లో అమెరికా, కెనడా సరిహద్దు సముద్రం మ్యాపు చూపించింది. అక్కడ సదరన్ రెసిడెంట్ అనే ఓర్కా తిమింగలాలు డెబ్బై అయిదు దాకా మాత్రమే మిగిలాయి. వాటి ప్రధాన ఆహారం చినూక్ సాల్మన్. తిండి చాలక చస్తున్నాయేమోనని ఎకో సౌండర్లతో ఆ చేపను కొలిచారు. తీరా చూస్తే వేసవిలో, బాగానే పెరుగుతున్న ఉత్తరాది గుంపు తిరిగే నీళ్ళకన్నా, తరిగిపోతున్న ఈ గుంపు తిరిగే నీళ్ళలోనే చేప ఎక్కువ కనిపించింది. మరి మిగతా నెలల్లో ఏం తింటున్నాయి? పడవల మోతలో వేటాడగలుగుతున్నాయా? ప్రశ్నలు అటు మళ్ళాయి. "ఉన్న చేప వేరు, అందే చేప వేరు" అంటూ ల్యాప్‌టాప్ మూసేసింది. మా అమ్మ వంటింట్లోంచి "అందిన చేప పులుసులో ఉండాది, లేచి రాండి" అంది.

రెండో రోజు: మైపాడు

తెల్లారుఝామున మూడున్నరకు మైపాడు ఒడ్డు. చీకట్లో ఫైబర్ పడవ, దాని పక్కన పెద్దాయన, ఆయన కొడుకు, మేనల్లుడు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది నాకు సగమే అర్థమైంది. పట్టపు మత్స్యకారుల ఇళ్ళలో మాట్లాడే భాషలో అరవం పాలు ఎక్కువ. మాతో మాత్రం నిఖార్సైన నెల్లూరు తెలుగు. "సార్, కడుపులో ఏమన్నా ఉంటే ఇప్పుడే కక్కేసి ఎక్కు" అన్నాడు పెద్దాయన. నవ్వులాటకన్నాడనుకున్నాను. గంట తర్వాత ఆ మాటే నిజమైంది, ఎక్కువ చెప్పను.

తెల్లారేసరికి ఇంజను ఆపారు. పిల్ల పళ్ళెం వదిలింది. రెండు మీటర్లు దిగకముందే మాయం. ఒడ్డు పక్కన నీళ్ళు అంత మసక. ఇక్కడే ఆమె పనికి మొదటి చిక్కు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారులకు చేపలు దొరికే చోట్ల సూచనలు ఇస్తుంది. ఉపగ్రహం సముద్రం పైనీటి వేడినీ, నీళ్ళలోని పచ్చదనాన్నీ చూస్తుంది. పచ్చదనం ఉన్నచోట నాచు నలుసులు, వాటికోసం చిన్న చేప, దానికోసం పెద్ద చేప. ఏ రేవు నుంచి ఏ దిక్కుగా ఎంత దూరం పోవాలో, అక్కడ ఎంత లోతో రాసి పంపుతారు. ఆ పని చేసే ఓషన్‌శాట్‌ను 2022 నవంబరులో ఎగరేసింది కూడా మన పక్కనే, శ్రీహరికోట నుంచి. కానీ ఒడ్డు పక్కన ఏటి మట్టి కలిసిన మసక నీళ్ళలో ఏది నాచో ఏది బురదో పైనుంచి చూసే కంటికి సరిగా తేలదు. హంప్‌బ్యాక్ డాల్ఫిన్ చూస్తే 25 మీటర్ల లోతు దాటి పెద్దగా పోదు. దాని కాపురమంతా ఆ మసకలోనే.

సరే, ఎకో సౌండర్ ఉందిగా అన్నాను. ఉప్పునీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. చేప కడుపులో గాలి తిత్తి ఉంటే ఆ శబ్దం దానికి కొట్టుకుని తిరిగి వస్తుంది. తెర మీద ఎర్రగా, పచ్చగా మబ్బులు మబ్బులుగా కనిపించింది. చూడ్డానికి బాగుంది. అయితే ఆ శబ్దం గరాటులా కిందికి పోతూ వెడల్పవుతుంది. పది మీటర్ల లోతులో అది చూసేది నాలుగడుగుల మేరే. ఊరంతా వెతకడానికి తాళం కన్నంలోంచి చూసినట్టు. పైగా పడవ మోతకి గుంపు పక్కకి జరిగిపోతుంది, తెర మీద ఖాళీ.

పెద్దాయన ఇదంతా చూస్తూ బీడీ వెలిగించాడు. "ఇటు రా అబ్బయా. చెవి ఇట్టా పెట్టు" అని పడవ అడుగు చూపించాడు. తడి ఫైబర్ చెక్కకి చెవి ఆనించాను. మొదట నా గుండె చప్పుడే వినిపించింది. తర్వాత కిందెక్కడో కప్పలు గుంపుగా అరిచినట్టు, ఎండు తలుపు కిర్రుమన్నట్టు. "గొరకలు" అన్నాడు. గొరక చేపలు గాలితిత్తిని కండరాలతో కొట్టి అలా చప్పుడు చేస్తాయి. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. డాల్ఫిన్లూ అలాగే వింటాయట. క్లిక్కులు కొట్టి వెతకడం ఒక దారి, ఊరుకుని చెవొగ్గి వినడం ఇంకో దారి. మా బ్యాగులో అంత డబ్బు పోసి కొన్న సామానుంది. ఆయన దగ్గర ఒక చెవి ఉంది.

వల లాగేటప్పుడు వచ్చాయి. ముందు ఊపిరి వదిలిన చప్పుడు, అటు తిరిగేలోపు బూడిదరంగు గూని ఒకటి నీళ్ళలోంచి లేచి మునిగింది. మూడున్నాయి. తొందరేమీ లేదు వాటికి, వలకి బారెడు దూరంలో అటూ ఇటూ తిరుగుతున్నాయి. కొడుకు విసుక్కున్నాడు. "వచ్చినాయబ్బా సుట్టాలు. పోయిన వారం ఇంత కన్నం పెట్టి పోయినాయి వలకి." పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. అవి తిరిగే చోట కవళ్ళు ఉంటాయని ఆయనకి తెలుసు, ఆయన వల దగ్గర కవళ్ళు ఉంటాయని వాటికి తెలుసు. ఎవరు ఎవరి వెంట పడుతున్నారో నాకు అర్థం కాలేదు.

లోతు అయిదు బారలు. పిల్ల జీపీఎస్ తీసి చోటు గుర్తు పెట్టబోయింది. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నొక్కబాక పాపా."

సరుగుడు తోపు చివరా సెల్ టవరూ ఒక వరసలోకి రావాలి, ఉత్తరాన ఇంకో గుర్తు ఇంకో వరసలోకి రావాలి, రెండు వరసలూ కలిసిన చోటు ఆయన గురి. ఆ రెండో గుర్తేమిటో మాకు చెప్పలేదు, వాళ్ళ నాయన చూపించిన గురి అది. "నువ్వు నొక్కుతావు, కాగితంలో వేస్తావు, ఆ కాగితం ఎవురెవురి చేతికో పోతాది. రేపు సోనా బోట్లు నేరుగా ఈడికే వస్తాయి. ఇప్పుడు వెతుక్కుంటూ వస్తుండారు, అప్పుడు వెతికే పని గూడా ఉండదు."

సోనా బోట్లంటే దక్షిణం నుంచి వచ్చే పెద్ద ఇంజన్ల పడవలు. రాష్ట్రంలో 1994 నుంచి చట్టం ఉంది, ఒడ్డుకు 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వల వెయ్యకూడదు. ఆ 8 కిలోమీటర్లు చిన్న పడవల కోసం వదిలిపెట్టిన చోటు. రాత్రిళ్ళు లోపలికి వస్తారని, వలలు తెగిపోతాయని, పట్టుకుని రేవుకి తెచ్చిన సందర్భాలూ ఉన్నాయని ఈ తీరం పొడుగునా ఎవరినడిగినా చెబుతారు. ఉపగ్రహానికి ఆనని ఆ మసక పట్టీ, డాల్ఫిన్ కాపురముండే ఆ పట్టీ, పెద్దాయన బతుకూ ఒక్కచోటే ఉన్నాయి.

పిల్ల జీపీఎస్ ఆపేసి సంచిలో పెట్టింది. నాకు కొంచెం చిరాకనిపించింది, దాచుకోను. చోటు లేని మ్యాపు ఏం మ్యాపు?

మూడో రోజు: ఇసకపల్లి, జువ్వలదిన్నె

ఇసకపల్లి దారిలో రెండు పక్కలా రొయ్యల గుంటలు, నీళ్ళను చిలుకుతూ తిరిగే ఏరేటర్లు. 2009లో వనామీ రొయ్య మన దేశానికి వచ్చాక నెల్లూరు జిల్లా రూపే మారింది, మా వీధిలో రెండు మేడలు ఆ రొయ్య కట్టించినవే. ఈ గుంటలకీ డాల్ఫిన్‌కీ ఏం సంబంధం అనుకుంటూ కూర్చున్నాను. జువ్వలదిన్నె కొత్త హార్బర్ దగ్గర తెలిసింది.

ఒక పక్క చందువ, వంజరం చేపల వేలంపాట జరుగుతోంది. ఆడవాళ్ళు గంపల చుట్టూ మూగి అరుస్తున్నారు. ఇంకో పక్క అరుపుల్లేవు, పాట లేదు. కవళ్ళు, కొంచెం నలిగినవి, ఐసు లేకుండా లారీలోకి పారలతో ఎత్తుతున్నారు. "ఇవి ఎవరు తింటారు?" అంటే లారీ మనిషి "రొయ్య తింటాది" అన్నాడు. ఎండబెట్టి పొడి చేస్తారు, నూనె తీస్తారు, ఆ పొడి మేత బస్తాల్లోకి పోతుంది. సముద్రంలో డాల్ఫిన్ నోటికి అందాల్సిన చేప గుంటలో రొయ్య పొట్టలోకి పోయి, అక్కడినుంచి అమెరికా పళ్ళెంలోకి పోతోంది. దీన్ని తప్పు అనడానికి నాకు నోరు రాలేదు. మా బావమరిదికి నాలుగు ఎకరాల గుంట ఉంది, పోయినేడు మా పిల్లాడి ఫీజుకి అప్పిచ్చింది ఆయనే.

పిల్ల మాత్రం లెక్కలో పడింది. రేవుకి వచ్చిన చేపల లెక్కలు రాసుకుంటే సముద్రంలో ఎంత ఉందో కొంత ఊహించవచ్చు. కానీ రేవు లెక్క పట్టిన చేపది. మిగిలిన చేప, అంటే డాల్ఫిన్‌కి దక్కేది, ఆ లెక్కలో రాదు. లారీలో పోయినదాన్ని తూచేవాళ్ళు తక్కువ.

రేవు చివర వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒక మాట అన్నాడు. తన చిన్నప్పుడు ఈ నూనె కవళ్ళు ఇంతగా లేవట. ఏదో జ్ఞాపకమనుకున్నాను గానీ పిల్ల అవునంది. నూనె కవళ్ళు ప్రధానంగా కేరళ వైపు చేప, 1980ల తర్వాతే తూర్పు తీరానికి పెద్ద ఎత్తున పాకింది. నీటి వేడి మారితే చేప ఇల్లు మారుస్తుంది. పొలం హద్దు గీసే నాకు, చేను తనంతట తాను లేచి పక్క ఊరికి పోయినట్టనిపించింది.

నాలుగో రోజు: పాకల

కావలి దాటి హైవే మీద సింగరాయకొండ, అక్కడినుంచి పాకల. ఎండ ముదిరింది. ఒడ్డున చచ్చిన తాబేలు ఒకటి, ఆలివ్ రిడ్లీ. గుడ్లు పెట్టే కాలం ఇది.

ఊళ్ళో అడిగితే ఒకామె చెప్పింది. "మొన్న రెక్కలేని పంది చేప ఒకటి కొట్టుకొచ్చింది. పసుపు కుంకం పెట్టి పూడ్చినారు." వర్ణన బట్టి అది ఫిన్‌లెస్ పోర్పాయిసే. పిల్ల ముఖం వాడిపోయింది. దాని పొట్టలో ఉండేది ఆమెకు కావాలి. పొట్టలో చేప కరిగిపోయినా దాని చెవిరాళ్ళు కొంతకాలం మిగులుతాయి. బియ్యపు గింజంత సున్నపు రాయి. ఒక్కో రకం చేపకి ఒక్కో ఆకారం. రాయి పొడవు కొలిస్తే చేప ఎంతదో చెప్పొచ్చు, అడ్డం కోస్తే చెట్టు మొద్దులో లాగా వలయాలు లెక్కపెట్టొచ్చు. దాని చివరి భోజనం మొత్తం అందులో రాసి ఉంటుంది.

"తవ్వుదామా?" అన్నాను. కోపంగా చూసింది. మొదటి షెడ్యూలు జంతువు, అటవీ శాఖ లేకుండా ముట్టుకోకూడదు. అదీగాక ఆ ఇసక దిబ్బ మీద ఎవరో రెండు బంతిపూలు పెట్టి ఉన్నారు. కాసేపు అక్కడే నిలబడి వచ్చేశాం.

అయిదో రోజు: కొత్తపట్నం, ఒంగోలు

ఒంగోలు నుంచి కొత్తపట్నం గంటలోపే. మేం పోయేసరికి అలివి వల లాగుతున్నారు. వల ఒక కొస ఒడ్డున ఉంచి, పడవలో పోయి సముద్రాన్ని చుట్టి, రెండో కొస ఇంకోచోట ఒడ్డెక్కిస్తారు. ఆ తర్వాత రెండు వైపులా ముప్పై మంది దాకా నడుములకి తాడు బిగించి వెనక్కి నడుస్తూ లాగడం. గంటన్నర. నేనూ ఒక చెయ్యి వేశాను. నా పక్కనాయన "సార్, మీరు లాగడంలేదు, తాడుకి వేలాడుతున్నారు" అన్నాడు.

సంచి ఒడ్డెక్కాక చూడాలి. నెత్తళ్ళు వెండి పోగులా, మధ్యలో వేలెడు గొరకలు, చిన్న సావళ్ళు, పీతలు, జెల్లీచేపల ముద్ద. ఇది ఆ అయిదు రోజుల్లో నేను చూసిన అసలైన మ్యాపు. ఒడ్డు పక్కన, ఉపగ్రహం చూడని, ఎకో సౌండర్ పట్టలేని నీళ్ళలో ఏముందో మొత్తం ఇసక మీద పోసి ఉంది. వల వేసిన మేర తెలుసు, గంపలు లెక్కపెట్టొచ్చు.

పిల్ల ఒక గంప అడిగి తీసుకుని ఒక్కో చేపనూ స్కేలు పక్కన పెట్టి కొలవడం మొదలుపెట్టింది. డాల్ఫిన్ నమలదు, పళ్ళు పట్టుకోవడానికే, చేపను మొత్తంగా మింగుతుంది. కాబట్టి గొంతులో పట్టే సైజే దానికి లెక్క. నేను రాస్తున్నాను: నెత్తళ్ళు, 7 సెంటీమీటర్లు, నెత్తళ్ళు, 8, గొరక, 11. ఎండుచేపలమ్మే ఒక పెద్దామె వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఏందమ్మాయ్, నెత్తళ్ళకి పెళ్ళిచూపులా? పొడుగు చాల్లేదా?" చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. తర్వాత ఆమే కూర్చుని గంప ఏరిపెట్టింది. ఏరుతూ చెప్పింది: పౌర్ణమికి నెత్తళ్ళు వెనక్కి పోతాయి, తూర్పు గాలికి దగ్గరికొస్తాయి, ఏప్రిల్ 15కి వేట నిషేధం మొదలై జూన్ 14 దాకా ఇంజను పడవలు ఆగిపోతాయి, ఆ 61 రోజుల్లో డాల్ఫిన్లు ఒడ్డుకి ఇంకా దగ్గరగా వస్తాయి. చివరిది నిజమో కాదో కొలవాలని పిల్ల అట్ట వెనక రాసుకుంది. ఏప్రిల్లో మళ్ళీ సెలవు పెట్టాలి కాబోలు.

సాయంత్రం ఒంగోలు లాడ్జిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఉపగ్రహం పొర వేశాను, ఒడ్డుకు దూరంగా రంగులు బాగా వచ్చాయి. ఎకో సౌండర్ గీతలు వేశాను, సాలెగూడులో నాలుగు పోగుల్లా ఉన్నాయి. రెండూ కలిపాక కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా ఒడ్డు వెంబడి పొడుగ్గా ఒక తెల్ల పట్టీ మిగిలింది. చూసేవాడు అక్కడ చేప లేదనుకుంటాడు. పిల్ల "అట్టా వదలబాక మామా" అంది. చుక్కలు పెట్టడానికి లేదు, పెద్దాయనకి మాటిచ్చాం. ఆ పట్టీని గడులు గడులుగా కోశాను, ఒక్కోటి 5 కిలోమీటర్లు. ఒక్కో గడిలో రేవు లెక్క, అలివి వల లెక్క, ఊళ్ళో విన్నది, అన్నీ కలిపి ఒక్క రంగు. గడిలో ఏ మూల ఆ చేప ఉందో ఎవడికీ తెలియదు. ముప్పై ఏళ్ళలో నేను కావాలని మసకగా గీసిన మొదటి మ్యాపు ఇది.

తొమ్మిదింటికి మైపాడు పెద్దాయన ఫోను.

"అబ్బయా, మా గురి పడిందా ఆ కాగితంలో?"

"లేదు పెద్దయ్యా. మీ ఊరి ముందర ఒక గడి ఉంది, అంతే. అయిదు కిలోమీటర్లది."

ఆయన కాసేపు లెక్కేసుకున్నాడు. "అయిదంటే చిన్నదిగా ఉండాదే. పది చెయ్యి."

పిల్ల వైపు చూశాను. తల అడ్డంగా ఊపింది. పదైతే డాల్ఫిన్‌కి పనికిరాదు. ఆలోచించి ఏడు వేళ్ళు చూపించింది.

"ఏడు, పెద్దయ్యా."

"ఎనిమిది."

పిల్ల నవ్వాపుకుంటూ మళ్ళీ ఏడే చూపించింది.

"సరే, ఏడు కానీ" అన్నాడు. "రాసుకో. ఈ పొద్దు కవళ్ళు నాలుగు గంపలు, గొరకలు అర గంప. ఆ మూడూ వచ్చినాయి. ఒకదాని పక్కన పిల్ల గూడా ఉండాది."